బేరాల బాబాయి టోపీ పెట్టించుకున్న సంగతి

ఆ వీధిలో ఎవరు ఫ్యాను కొన్నా, మిక్సీ కొన్నా, మంచం కొన్నా కొట్టుకు వెంటబెట్టుకుని వెళ్ళేది బేరాల బాబాయినే. అన్న పిల్లలు పిలిచే పిలుపు వీధంతటికీ అంటుకుని, ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా బాబాయి అనే అనేవారు. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ టికెట్టు మీద అచ్చేసిన రేటే రేటు, ఒక్కరితోనైనా బేరమాడే వీల్లేదు. ఆ కరువంతా రిటైరయ్యాక తీర్చుకున్నాడు.

ఆయన పద్ధతి ఆయనది. ఫ్రిజ్ కోసం వెళితే ఇస్త్రీ పెట్టెల దగ్గర నిలబడేవాడు. ఇస్త్రీ పెట్టె కావాలంటే ఫ్రిజ్ తలుపులు తెరిచి చూసేవాడు. షాపతను ధర చెప్పగానే బాబాయి నవ్వడు, కోప్పడడు. ఎవరో బాగా తెలిసినవాళ్ళు పోయారన్న కబురు విన్నట్టు ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవాడు. తరవాత గుమ్మం దాకా నడిచి, అక్కడ గొడుగు విప్పడం మొదలుపెట్టేవాడు. మండుటెండలోనైనా, మబ్బు లేని సాయంత్రమైనా ఆ గొడుగు చేతిలో ఉండాల్సిందే. అది వాన కోసం కాదు, గుమ్మంలో ఆలస్యం కోసం. అది సగం తెరుచుకునేలోపు షాపతను వెనక్కి పిలిచేవాడు. పిలవని షాపతను లేడని బాబాయి చెప్పేవాడు. ఒకరిద్దరు ఉన్నారని పిన్ని చెప్పేది.

పిన్ని అంటే బాబాయి భార్య, టైపు టీచరు. ఒకప్పుడు వీధి చివర మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెప్పేది. పిల్లల చేతుల మీద తువ్వాలు కప్పి, అక్షరాలు కనిపించకుండా కొట్టించేది. ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక ముందుగదిలో మిషను పెట్టుకుని వచ్చినవాళ్ళకు కొట్టి ఇచ్చేది. అర్జీలు, అగ్రిమెంట్లు, కాలేజీ పిల్లల థీసిస్‌లు, ఏదైనా సరే. కళ్ళు కాగితం మీద, వేళ్ళు వాటి దారిన అవి. టైపు కొడుతూనే వంటింట్లో పాలు పొంగుతున్నాయని చెప్పగలిగేది. కొట్టిన కాగితాన్ని మళ్ళీ చదివి చూసుకోవడం ఆవిడ ఎరగదు. ‘చూసుకునేది దేనికి, తప్పు కొడితే వేలికే తెలుస్తుంది’ అనేది. బాబాయి ఆవిడని ‘టీచరు గారూ’ అని పిలిచేవాడు. పెళ్ళయిన కొత్తలో వేళాకోళానికి మొదలుపెట్టాడు. తరవాత అదే పేరైపోయింది.

ఆ మిషన్ చప్పుడుకు బాబాయి బాగా అలవాటుపడ్డాడు. మధ్యాహ్నం పడుకుంటే రేకుల మీద వాన పడుతున్నట్టు వినిపించేది, హాయిగా నిద్రపట్టేది. ఆ చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చేది.

అయితే రోజులు మారాయి. ఆఫీసుల్లో టైపు కాగితం తీసుకోవడం మానేశారు. పెన్‌డ్రైవ్‌లో పెట్టి తెమ్మన్నారు, ప్రింటు కావాలన్నారు. మిషన్‌కి రిబ్బన్ దొరకడం కష్టమైపోయింది. రోజూ వచ్చే అర్జీల ఆయన ఒకనాడు కాగితం వెనక్కి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆఫీసు బయట కూర్చుని జనానికి అర్జీలు రాసిపెట్టేవాడాయన. ఆయన చెబుతూ ఉంటే పిన్ని కొట్టేది.

“టీచరు గారూ, మీ అక్షరం ముత్యమే. తీసుకునేవాడే లేడు” అన్నాడు.

మర్నాడే బాబాయి గొడుగు తీసుకుని కంప్యూటర్ షాపుకు బయల్దేరాడు. “నేనూ వస్తానండీ” అంది పిన్ని. “నువ్వు వస్తే ముచ్చటపడి మొహంలో బయటపెట్టేస్తావు. బేరం చెడుతుంది” అన్నాడు.

ఆనాటి బేరం గురించి బాబాయి చాలాకాలం చెప్పుకున్నాడు. షాపతను మంచి మిషన్లు చూపిస్తే ఈయన ప్రింటర్ల వైపు చూశాడట. ధర వినగానే కళ్ళు మూసుకున్నాడట. గుమ్మం దాకా వెళ్ళి గొడుగు విప్పుతుంటే షాపతను వెనక్కి పిలిచి, గోడవారగా ఉన్న ఒక మిషను చూపించాడట. “ఇది బేసిక్ మోడలు సార్. ఇంటి వాడకానికి ఇది చాలు” అన్నాడట. చాలు అన్న మాట షాపువాడి నోటి నుంచి రావడమే బాబాయికి గెలుపులా వినిపించింది. ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. రెండు స్పీకర్లు, మౌస్ కింద వేసే రబ్బరు ముక్క, దుమ్ము పడకుండా గులాబీ రంగు కవరు, చక్రాల కుర్చీ, అన్నీ ఊరికే ఇప్పించుకుని ఆటోలో వేసుకుని వచ్చాడు. వీధిలో అందరూ గుమ్మాల్లోకి వచ్చి చూశారు.

“ఇన్ని ఊరికే ఇచ్చాడంటే వాడు మీకు చుట్టమన్నా అయ్యుండాలి, లేదా తిక్కవాడన్నా అయ్యుండాలి” అంది పక్కింటావిడ.

“రెండూ కాదమ్మా. నా చేతిలో పడ్డాడు” అన్నాడు బాబాయి.

ఆ సాయంత్రం పిన్ని చక్రాల కుర్చీలో కూర్చుంది. బాబాయి బటన్ నొక్కాడు. లోపల ఏదో పిండిమర మొదలైనట్టు చప్పుడైంది. తెర మీద చిన్న చక్రం ఒకటి తిరగసాగింది. ఇద్దరూ చూశారు. పిన్ని వెళ్ళి కాఫీ కలిపి తెచ్చింది. ఇద్దరూ తాగారు. గ్లాసులు కడిగి వచ్చేసరికి చక్రం ఇంకా తిరుగుతోంది.

“ఆలోచించి మొదలుపెడుతుంది. తొందరపాటు లేదు” అన్నాడు బాబాయి.

ఎట్టకేలకు తెర తెరుచుకున్నాక పిన్ని వేళ్ళు విరుచుకుని ఒక్క ఊపున ఒక వాక్యం కొట్టింది. కొట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తెర మీద ఏమీ లేదు. కాసేపటికి ఒక అక్షరం వచ్చింది. దాని వెనక ఇంకొకటి. బస్టాండులో వరుసలో నిలబడి ఒక్కొక్కరే ఎక్కుతున్నట్టు మిగతావి వచ్చాయి. మధ్యలో రెండు మాటలు అసలు ఎక్కనేలేదు.

పిన్ని బాబాయి మొహం చూసింది. ఆయన గులాబీ రంగు కవరు మడతపెడుతున్నాడు.

“బాగానే ఉందండీ. అలవాటు కావాలి” అంది.

ఆ అలవాటు ఆవిడ చేసుకుంది. చేతి నుంచి జారిపోయే మాటలు మిషను మింగేస్తుంటే, ఒక ముక్క కొట్టి ఆగడం, అది తేలాక ఇంకో ముక్క కొట్టడం నేర్చుకుంది. పెళ్ళికి ముందు నుంచీ ఒకే పరుగు మీదున్న వేళ్ళకు కళ్ళెం వేసింది. కొట్టినదాన్ని చదివి చూసుకోవడం కూడా మొదలుపెట్టింది. అర్జీల ఆయన ఒక మాట చెప్పి, తెర వంక చూసి, ఇంకో మాట చెప్పేవాడు. ఆగినప్పుడల్లా ఆ చక్రం తిరిగేది. “కంప్యూటర్ ఆలోచిస్తోందండీ” అనేది పిన్ని. “మీ ఆయన పోలిక” అనేవాడు ఆయన.

మధ్యాహ్నం నిద్రలో బాబాయికి వాన చప్పుడు వినిపించడం మానేసింది. కొళాయి సరిగ్గా కట్టనట్టు ఒక్కొక్క చుక్క పడుతున్న చప్పుడు వచ్చేది. నిద్ర పట్టేది కాదు. లేచి షాపుకు ఫోన్ చేసేవాడు. షాపతను, “బేసిక్ మోడలు కదా సార్” అనేవాడు. బాబాయి ఫోన్ పెట్టేసేవాడు. కానీ బయట మాత్రం ఆయన నోట ఒక్క ఫిర్యాదు మాట రాలేదు. మోసపోయానని ఒప్పుకుంటే రేపటినుంచి ఎవరు పిలుస్తారు?

రిటైరయ్యాక ఇంట్లో కూర్చున్న మనిషికి వీధివాళ్ళు వచ్చి, ‘బాబాయ్, కాస్త వస్తారా’ అని పిలవడమే ఉద్యోగం. అది పోతే ఆయనకి పొద్దున్నే లేచి గడ్డం గీసుకోవడానికి కారణం లేదు.

ఈ సంగతి పసిగట్టినవాడు పిన్ని తమ్ముడు ఒక్కడే. బావమరిది గనక అనడానికి హక్కూ ఉంది, అనకుండా ఉండలేకపోవడం స్వభావమూను. వచ్చిన ప్రతిసారీ గుమ్మంలోనే, “బావా, కంప్యూటర్ లేచిందా, ఇంకా పడుకునే ఉందా” అనేవాడు. ఒకసారి వచ్చి, తెర మీద తిరుగుతున్న చక్రాన్ని చూసి, “అక్కా, దీన్ని ఆఫ్ చెయ్యకు. నేను మళ్ళీ ఏడాది వచ్చేసరికి తెరుచుకుంటుంది” అన్నాడు.

“నీ మొహం. నీ ఇంట్లో ఉన్న ఫ్యాను నేను బేరమాడి కొనిచ్చిందే. అది తిరుగుతోందా లేదా?” అన్నాడు బాబాయి.

“తిరుగుతోంది బావా. నీ కంప్యూటర్లో చక్రం కూడా తిరుగుతోంది. నువ్వు తిరిగేవి బాగా కొంటావు” అన్నాడు బావమరిది. పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బాబాయి కూడా పక్కకు తిరిగి నవ్వుకున్నాడు, కానీ ఆ నవ్వు ఎవరికీ చూపించలేదు.

అలా కొన్నేళ్ళు గడిచాయి. అలవాటైన లోటు ఇంట్లో మనిషిలాంటిది, దాన్ని చుట్టి తిరగడం అందరికీ వచ్చేస్తుంది. ఇంట్లో ఇంకా కొన్ని చిన్నచిన్న మార్పులు వచ్చాయి. పిన్ని సీసా మూతలు బాబాయి చేతికిచ్చి తియ్యమనేది. కూరలు తరగడం నిలబడి కాకుండా కూర్చుని చేసేది. చెల్లెలింటికి వెళ్ళడం ఎక్కువైంది, వచ్చేటప్పుడు బలానికని ఏవో మాత్రలు తెచ్చుకునేది. కొట్లో ఫ్రిజ్ తలుపు వెంట్రుకవాసి వంకరగా ఉంటే పట్టేసే బాబాయికి ఇవేవీ కంటపడలేదు. ఆయన కళ్ళన్నీ ఆ చక్రం మీదే ఉన్నాయి.

ఒకరోజు అర్జీల ఆయన వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు.

“ఏమనుకోకండి బాబాయ్. నాకు బయట మనుషులు కాచుకుని కూర్చుంటారు. ఇక్కడ ఒక్క అర్జీకి పొద్దు గడిచిపోతోంది. ఆఫీసు ఎదురుగా కొత్తగా జిరాక్స్ షాపు పెట్టారు, వాళ్ళ దగ్గర మిషన్లు జోరుగా ఉన్నాయి. టీచరు గారి మీద గౌరవం కొద్దీ వస్తున్నాను గానీ…”

బాబాయికి తల కొట్టేసినట్టయింది. తను తెచ్చిన మిషన్ వల్ల ఆవిడ పని పోతోంది. పిన్నికి ఆ పనంటే ఏమిటో ఆయనకు తెలుసు. ఇన్‌స్టిట్యూట్ మూసిన రోజు ఆవిడ ఇంటికి వచ్చి, అన్నం తినకుండా, వంటింటి బల్ల మీద వేళ్ళతో ఊరికే కొడుతూ కూర్చుంది.

పిన్ని చెల్లెలింటికి వెళ్ళిన రోజు చూసి, సీపీయూ డబ్బాని గులాబీ కవరుతో సహా ఎత్తుకుని, బజారు వెనక సందులో ఉన్న రిపేరు షాపుకు వెళ్ళాడు. ఆ షాపు నడిపేది ఒక ఆడమనిషి. నెత్తి మీద కళ్ళజోడు, పళ్ళ మధ్య స్క్రూడ్రైవరు. డబ్బా విప్పి, లోపలికి ఒక్కసారి ఊదింది.

“ఎవరు కొన్నారండీ ఇది?” అంది.

“మా బావమరిది” అన్నాడు బాబాయి.

“బాగా టోపీ వేశారు పాపం ఆయనకి. ఇందులో మెమరీ ఉందంటే ఉంది. కొత్త డిస్కు వేసి, మెమరీ పెంచితే లేడిపిల్లలా పరిగెడుతుంది.”

బాబాయి చేయించాడు. ఇంటికి తెచ్చి వైర్లు తగిలించి బటన్ నొక్కితే, ఆయన వంగిన నడుము ఎత్తేలోపు తెర తెరుచుకుంది. నమ్మకం కుదరక ఆపి, మళ్ళీ వేశాడు. మళ్ళీ అంతే. ఆ పూటంతా దాన్ని వేస్తూ ఆపుతూ కూర్చున్నాడు. మర్నాడు పొద్దున్నే రమ్మని అర్జీల ఆయనకు స్వయంగా వెళ్ళి చెప్పి వచ్చాడు. పిన్నికి మాత్రం ఏమీ చెప్పలేదు. ఒక్కసారిగా చూపించి ఆశ్చర్యపెట్టాలని.

పొద్దున పిన్ని ఎప్పటిలాగే బటన్ నొక్కి కాఫీ కలపడానికి లేవబోయింది. తెర వచ్చేసింది. ఆవిడ లేచినదల్లా మళ్ళీ కూర్చుంది.

“ఏంటిది?” అంది.

“బాగు చేయించాను. ఇక నీ ఇష్టం వచ్చినట్టు కొట్టు టీచరు గారూ, ఎంత జోరుగా కొడితే అంత జోరుగా వస్తుంది” అన్నాడు బాబాయి, వెనక నిలబడి, పెళ్ళికొడుకులా.

పిన్ని చీర కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచింది. ఈలోగా అర్జీల ఆయన వచ్చి స్టూలు లాక్కుని మొదలుపెట్టాడు.

“పై విషయమై తమరికి విన్నవించునది ఏమనగా…”

ఆ ముక్క ఆవిడ కొన్ని వేలసార్లు కొట్టి ఉంటుంది. తెర మీద ‘పై విష’ అని వచ్చి ఆగింది. దాని పక్కన నిలువు గీత ఆరుతూ వెలుగుతూ నిలబడింది.

“ఆగిందా?” అన్నాడు అర్జీల ఆయన.

“ఆగదు. ఇది ఇక ఆగే ప్రసక్తే లేదు” అన్నాడు బాబాయి.

నిజమే, అది ఆగలేదు. చక్రం లేదు. పిండిమర చప్పుడు లేదు. ఇచ్చిన అక్షరాన్ని ఇచ్చినట్టు వేసి, తరవాతిదాని కోసం కాచుకుని ఉంది. బాబాయి చూపు తెర మీద నుంచి మెల్లగా కిందికి దిగింది. పిన్ని కుడిచేతి చివరి రెండు వేళ్ళు, తెలియని వీధిలో ఇల్లు వెతుక్కుంటున్నవాళ్ళలా, ఒక మీట దగ్గరికి వెళ్ళి, ఇది కాదేమో అన్నట్టు వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళాయి. ఎడమచెయ్యి కుడిచెయ్యి మణికట్టు పట్టుకుంది. అలా పట్టుకుంటే ఒక అక్షరం పడింది.

అర్జీల ఆయన కూడా చూశాడు.

“కరెంటు సరిగ్గా లేదు ఇవాళ” అంది పిన్ని.

నెత్తిమీద ఫ్యాను జోరుగా తిరుగుతోంది. అర్జీల ఆయన ఫ్యాను వంక చూసి, నేల వంక చూసి, “మా వీధిలోనూ అంతేనండీ. మధ్యాహ్నం వస్తాలెండి” అని స్టూలు గోడవారకి జరిపి వెళ్ళిపోయాడు.

బాబాయి ఆ స్టూలు మళ్ళీ లాక్కుని కూర్చున్నాడు.

“ఎప్పటినుంచి?”

“ఇది కొన్నాక కొన్నాళ్ళకి. మొదట్లో నేనూ మిషనే అనుకున్నాను.”

“డాక్టరుకి చూపిద్దాం.”

“చూపించాను. చెల్లెలు తీసుకెళ్ళింది. నరాల జబ్బట. తగ్గేది కాదు, పెరగకుండా చూసుకోవాలన్నారు. బలానికి అని చెప్పానే, ఆ మాత్రలు దీనికే.”

“నాకెందుకు చెప్పలేదు?”

“మీరు అప్పటికే కంప్యూటర్‌తో బాధపడుతున్నారు. రెండూ ఎందుకని.”

ఆవిడ తెర వంక చూసింది. నిలువు గీత ఆరుతోంది, వెలుగుతోంది.

“అదివరకు అది ఆలస్యం చేసేది, నేనూ ఆలస్యం చేసేదాన్ని. ఎవరి వల్ల ఆలస్యమో ఎవరికీ తెలిసేది కాదు. ఇద్దరం కలిసి ఎలాగో కాగితం పూర్తిచేసేవాళ్ళం. ఇప్పుడిది తన పని కానిచ్చేసి, కూర్చుని నా మొహం చూస్తోందండీ” అంది. కోపంగా కాదు. పక్కింటివాళ్ళ గురించి చెబుతున్నట్టు చెప్పింది.

తరవాత లేచి కాఫీ కలపడానికి వెళ్ళింది. వంటింట్లోంచి, “పాల ప్యాకెట్ కాస్త కత్తిరించి పెడతారా” అంది. అదివరకెన్నడూ అడగలేదు ఆ మాట. ఇక దాచనక్కర్లేదు గనక అడిగింది.

మర్నాడు బాబాయి డబ్బా ఎత్తుకుని సందులో షాపుకు వెళ్ళాడు.

“ఏమైందండీ? బాగా పనిచెయ్యడం లేదా?” అంది రిపేరు షాపామె.

“బాగా పనిచేస్తోంది. మళ్ళీ పాతవి పెట్టెయ్యండి.”

ఆమె పళ్ళ మధ్యనున్న స్క్రూడ్రైవరు తీసి చేతిలో పట్టుకుంది. “పాతవి పెడితే మళ్ళీ నత్తలా నడుస్తుందండీ.”

“అలాగే నడవాలి.”

“నేను ఈ షాపు పెట్టాక నెమ్మదిగా చెయ్యమని వచ్చింది మీరొక్కరే. ఎవరిది ఈ మిషను, నిజం చెప్పండి, మీ బావమరిదిదేనా? ఆయన మీద కోపమా?”

“నాదే. నేనే కొన్నాను” అన్నాడు బాబాయి.

ఆమె డబ్బా విప్పింది. పాత డిస్కు ఇంకా డ్రాయరులోనే ఉంది. మార్చి పెట్టింది. కొత్తవి వెనక్కి తీసుకుంటానని ఒక ధర చెప్పింది. బాబాయి అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. గొడుగు తేలేదని అక్కడ గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి ఆమె చెప్పిన ధరకే ఒప్పుకున్నాడు.

ముందురోజు రాని అర్జీల ఆయన ఆ మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. ఈసారి బాబాయి వీధిలోనే ఎదురెళ్ళి, నలుగురూ వినేలా, “నిన్న కాస్త బాగుపడినట్టు కనిపించింది గానీ పొద్దున్నే మళ్ళీ మొదటికొచ్చిందండీ. వస్తువు నాసిరకం. నాకు బాగా టోపీ వేశాడు ఆ షాపువాడు” అన్నాడు. గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్న పక్కింటావిడ చెయ్యి ఆగిపోయింది. ఆ నోట ఆ మాట వస్తుందని ఆ వీధిలో ఎవరూ అనుకోలేదు.

అర్జీల ఆయన తెలివైనవాడు. జిరాక్స్ షాపు మాట మళ్ళీ ఎత్తలేదు. తొందర పనులు అక్కడ చేయించుకుని, తొందర లేనివి పిన్ని దగ్గరికి తెచ్చేవాడు. పొద్దు గడిచిపోయినా, “ఏం చేస్తాం, మిషను అలాంటిది” అని కాఫీ తాగి వెళ్ళేవాడు. పిన్ని కూడా ఆ కంప్యూటర్‌ని మనసారా తిట్టేది. వచ్చినవాళ్ళ ముందు, “చూడండి, ఎలా మొరాయిస్తోందో. మా ఆయన కొన్న రత్నం” అనేది. తిట్టి, ఓరగా బాబాయి వంక చూసేది. ఆయన తల వంచుకుని పేపరు చదువుకునేవాడు.

ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ మిషను మారలేదు. చివరికి రోజుకు ఒక కాగితం, తరవాత వారానికి ఒకటి. అయినా చివరిదాకా ఆ వీధిలో ఎవరూ టైపు టీచరు నెమ్మదించిందని అనలేదు. కంప్యూటర్ మంచిది కాదన్నారు.

బాబాయి గురించి మాత్రం అన్నారు. బావమరిది ఆ సంగతి ఊరంతా చాటాడు. ఎవరైనా అడిగితే బాబాయి కాదనలేదు. స్పీకర్లు ఊరికే ఇస్తున్నాడని చూసి పప్పులో కాలేశానని, షాపువాడు తనని ఎలా బుట్టలో వేసుకున్నాడో వివరంగా చెప్పేవాడు. చెప్పిన కొద్దీ ఆ షాపువాడు తెలివైనవాడయ్యాడు, బాబాయి అమాయకుడయ్యాడు.

పిలుపులు తగ్గాయి. కొన్నాళ్ళకి ఆగిపోయాయి. పక్కింటావిడ కొత్త ఫ్రిజ్ కొనడానికి బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్ళింది. పోతూ పోతూ ఇంటి తాళంచెవి బాబాయికి ఇచ్చి, “కాస్త ఇల్లు చూస్తుండండి బాబాయ్” అంది. సాయంత్రానికి ఫ్రిజ్ ఆటోలో వచ్చింది. దింపేటప్పుడు అందరూ గుమిగూడారు. బావమరిది బేరం ఎలా చేశాడో చెబుతున్నాడు. బాబాయి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి తలుపు తెరిచి, మూసి చూశాడు. అడుగున రబ్బరు సరిగ్గా అతుక్కోవడం లేదు, వేలు దూరేంత సందుంది. ఆటో ఇంకా వెళ్ళలేదు. ఒక్క మాట చెబితే వెనక్కి పంపెయ్యొచ్చు. అప్పుడు మరి ఆ కంప్యూటర్ సంగతేమిటని ఎవరో ఒకరు అడుగుతారు.

“ఎలా ఉంది బావా?” అన్నాడు బావమరిది.

“నాకేం తెలుస్తుందిరా. బాగానే ఉన్నట్టుంది” అన్నాడు బాబాయి.